మనసును తూచే తక్కెడలు

మనిషి మనసు బాగుందో లేదో పన్నెండు ప్రశ్నలతో తేల్చవచ్చునా? పది ప్రశ్నలతో? అయిదుతో? చాలా దేశాలు తమ ప్రజల మనఃస్థితిని లెక్కగట్టడానికి ఇలాంటి ప్రశ్నావళులనే వాడుతున్నాయి. నిద్ర సరిగ్గా పడుతోందా, పని మీద మనసు నిలుస్తోందా, ఊరికే ఏడుపు వస్తోందా అని అడుగుతారు. ప్రతి జవాబుకూ ఒక అంకె. అంకెలన్నీ కూడితే ఒక మొత్తం. ఆ మొత్తం ఒక గీత దాటితే ఆ మనిషి బాధపడుతున్నవాళ్ళ పద్దులో చేరతాడు. దాటకపోతే బాగున్నవాళ్ళ పద్దులో ఉంటాడు.

నేను చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. వైద్యం నా విషయం కాదు. అయితే అంకెలతో ముప్పై ఏళ్ళుగా కాపురం చేస్తున్నవాణ్ణి. కామర్సులో మొదట చెప్పే పాఠాల్లో ఒకటి ఏమిటంటే, ట్రయల్ బ్యాలెన్సు కుదిరినంత మాత్రాన లెక్క సరైనదని అనుకోకూడదు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకుని ఉండవచ్చు. అసలు రాయకుండా వదిలేసిన పద్దు ఏ మొత్తంలోనూ కనిపించదు. ఈ ప్రశ్నావళుల గురించి కొంతకాలంగా చదువుతుంటే నాకు ఆ పాఠమే పదేపదే గుర్తుకొచ్చింది. వీటిలో రాయకుండా వదిలేసిన పద్దు ఏది? ఎవరిది? ఇది వైద్యుల ప్రశ్నే కాదు, నీతికి సంబంధించిన ప్రశ్న కూడా అని నాకు తోచింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా, అసలు ఈ లెక్క ఎందుకు అవసరమైందో చూద్దాం. ఆస్పత్రి రిజిస్టరు చూస్తే ఆస్పత్రికి వచ్చినవాళ్ళే తెలుస్తారు. మనసు బాగాలేనివాళ్ళలో ఎక్కువమంది ఆస్పత్రి గడప తొక్కరు. వాళ్ళను లెక్కించాలంటే ఇంటింటికీ వెళ్ళి అడగాలి. ఇంటింటికీ మానసిక వైద్యుణ్ణి పంపడం ఏ ప్రభుత్వం వల్లా కాదు. కాబట్టి మామూలు ఉద్యోగి చేతికి ఇవ్వగల ప్రశ్నల కాగితం కావలసివచ్చింది.

తొలి రోజుల్లో జరిగిన పెద్ద ప్రయత్నాల్లో ఒకటి న్యూయార్కులోని మన్‌హాటన్ మధ్యభాగంలో జరిగింది. 1,660 మంది పెద్దవాళ్ళను ప్రశ్నించారు. 1962లో ఫలితాలు అచ్చయ్యాయి. మనోవ్యాధి లక్షణమేదీ లేనివాళ్ళు నూటికి 18.5 మందే అని తేలింది! రోజువారీ బతుకు దెబ్బతినేంత ఇబ్బందిలో ఉన్నవాళ్ళు నూటికి 23.4 మంది. పత్రికలవాళ్ళు నవ్వుకున్నారో భయపడ్డారో గాని, ఆలోచించేవాళ్ళకు మాత్రం ఒక సందేహం కలగక మానదు. అయిదుగురిలో నలుగురికి ఎంతో కొంత జబ్బు అంటే, లోపం ఊరిలో ఉందా, తక్కెడలో ఉందా?

ఆ తర్వాత పదేళ్ళకు, 1972లో, లండన్‌లో డేవిడ్ గోల్డ్‌బర్గ్ అనే మానసిక వైద్యుడు 'జనరల్ హెల్త్ క్వశ్చనేర్' అనే సామాన్య ఆరోగ్య ప్రశ్నావళిని తెచ్చాడు. మొదట అరవై ప్రశ్నలు. తర్వాత ముప్పై, ఇరవై ఎనిమిది, చివరికి పన్నెండు ప్రశ్నల రూపాలూ వచ్చాయి. పన్నెండు ప్రశ్నలది ప్రపంచమంతా తిరిగింది. ఇందులోని కిటుకు జవాబుల్లో ఉంది. మీకు నిద్ర పడుతోందా అని ఊరికే అడగరు. ఈమధ్య మామూలుగా కంటే ఎలా ఉంది అని అడుగుతారు. మామూలుకంటే మెరుగు, ఎప్పటిలాగే, మామూలుకంటే అధ్వాన్నం, చాలా అధ్వాన్నం అన్న తరహాలో నాలుగు జవాబులు. వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో మొదటి రెంటికీ సున్నా, చివరి రెంటికీ ఒకటి.

ఈ పద్ధతిలో ఎంతో మర్యాద ఉంది. ఎవరి మామూలు వారిదే. పుట్టుకతోనే తక్కువ నిద్ర ఉన్నవాణ్ణి రోగి అనదు. మితభాషిని మాటకారితో పోల్చదు. మనిషిని అతనితోనే పోల్చి, ఏదైనా మారిందా అని చూస్తుంది. మన్‌హాటన్ చిక్కు నుంచి బయటపడేందుకు ఇదొక మంచి దారి.

కాని లెక్కలు తెలిసినవాడికి ఇక్కడ ఒక చిక్కు తగులుతుంది. మనం ఖాతా చూసేటప్పుడు ఈ నెల ఎంత తగ్గింది, ఎంత పెరిగింది అన్నది మాత్రమే చూడం. నెల మొదట్లో నిల్వ ఎంత ఉందో కూడా చూస్తాం. నిల్వే సున్నా అయినవాడికి ఈ నెల ఏమీ తగ్గలేదంటే అది శుభవార్త కాదు. ఈ ప్రశ్నావళి ఓపెనింగ్ బ్యాలెన్సు అడగదు. ఇరవై ఏళ్ళుగా తాగుబోతు భర్తతో వేగుతున్న ఇల్లాలిని అడిగితే, నిద్ర ఎప్పటిలాగే, దిగులు ఎప్పటికంటే ఎక్కువేం కాదు, బతుకు మీద ఆశ ఎప్పటిలాగే అంటుంది. ఒక్క అబద్ధమూ ఆడలేదు. మొత్తం సున్నా. నిన్నటిదాకా సుఖంగా ఉండి, కొడుకు పరీక్ష తప్పాడని వారం రోజులుగా నిద్రపోని ఆమె పొరుగింటావిడ మాత్రం గీత దాటుతుంది.

ఈ లోపం పండితుల కంట పడకపోలేదు. 1985లో గుడ్‌చైల్డ్, డంకన్-జోన్స్ అనే ఇద్దరు దీన్ని సవరించే లెక్క ఒకటి ప్రతిపాదించారు. బాధ గురించిన ప్రశ్నకు 'ఎప్పటిలాగే' అని జవాబు వస్తే దాన్నీ ఒకటిగా లెక్కించాలన్నారు. ప్రశ్న మారలేదు, జవాబు మారలేదు, కూడిక మాత్రమే మారింది. దాంతో కొందరు బాగున్నవాళ్ళ పద్దులోనుంచి బాగాలేనివాళ్ళ పద్దులోకి వచ్చారు. ఇది చిన్న సాంకేతిక సవరణగా కనిపిస్తుంది. నా దృష్టిలో ఇందులో పెద్ద ధర్మసూక్ష్మం ఉంది. అలవాటైపోయిన బాధ బాధేనా, కాదా? బాధపడేవాళ్ళే బాధ అనడం మానేస్తే, మిగతావాళ్ళం దాన్ని లెక్కలోనుంచి తీసెయ్యవచ్చా?

దీనికి మన దేశంలోనే ఒక గట్టి ఉదాహరణ ఉంది. 1943 బెంగాల్ కరువు తర్వాత, 1944లో, కలకత్తా దగ్గర సింగూరులో ఆరోగ్య సర్వే ఒకటి జరిగింది. అమర్త్య సేన్ తర్వాత దాని అంకెలను బయటికి తీసి చూపించాడు. భార్య పోయిన మగవాళ్ళలో దాదాపు సగం మంది తమకు ఒంట్లో బాగాలేదనో, అంతంతమాత్రంగా ఉందనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్ళలో అలా చెప్పినవాళ్ళు నూటికి 2.5 మందే. అంతంతమాత్రంగా ఉంది అన్న జవాబు ఒక్కటే తీసుకుంటే మగవాళ్ళలో 45.6 శాతం, ఆడవాళ్ళలో సున్నా. కరువు దాటిన బెంగాల్ పల్లెలో వితంతువులందరూ ఆరోగ్యంగా ఉన్నారని నమ్మేవాళ్ళెవరైనా ఉంటారా? తమ ఒళ్ళు బాగుండాలని కోరుకునే హక్కు తమకు ఉందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అంకె తప్పు కాదు, వాళ్ళ జవాబూ తప్పు కాదు. అంకెను వాళ్ళ సుఖానికి సాక్ష్యంగా తీసుకుంటే అదే తప్పు.

ఇక రెండో తక్కెడ. అమెరికాలో రొనాల్డ్ కెస్లర్ బృందం తయారుచేసి 2002లో ప్రకటించిన పది ప్రశ్నలది. కె-10 అంటారు. దీన్నే ఆరు ప్రశ్నలకు కుదిస్తే కె-6. ఇది మామూలు సంగతి ఎత్తదు. గడిచిన నెల రోజుల్లో ఎంత తరచుగా నిస్పృహ కలిగింది, ఎంత తరచుగా నిలకడ లేకపోయింది, ఎంత తరచుగా ఎందుకూ కొరగానివాణ్ణని అనిపించింది అని అడుగుతుంది. 'ఎప్పుడూ లేదు' మొదలు 'ఎల్లప్పుడూ' దాకా అయిదు మెట్లు. మొత్తం పది నుంచి యాభై దాకా వస్తుంది. ఇది నిల్వను చూసే తక్కెడ. పైన చెప్పిన ఇల్లాలు దీని ముందు కొంతవరకు బయటపడుతుంది. ఇరవై ఏళ్ళ దిగులు కూడా ఈ నెల దిగులే కదా.

ఈ రెండు తక్కెడల్లో ఏది మేలు అని ఆస్ట్రేలియాలో పోల్చి చూశారు. 1997లో అక్కడ జరిగిన జాతీయ సర్వేలో 10,641 మంది పెద్దవాళ్ళకు రెండు రకాల ప్రశ్నలూ వేశారు. విపులమైన ముఖాముఖి ద్వారా వ్యాధి నిర్ణయం కూడా చేశారు. 2003లో అచ్చయిన విశ్లేషణలో కె-10, కె-6 రెండూ పన్నెండు ప్రశ్నల సామాన్య ఆరోగ్య ప్రశ్నావళి కంటే మెరుగ్గా పనిచేశాయని తేలింది.

అక్కడితో వ్యవహారం తెగిపోయిందనుకుంటే పొరపాటు. మన గోవాలో ప్రాథమిక వైద్యానికి వచ్చినవాళ్ళ మీద విక్రమ్ పటేల్ బృందం చేసిన పోలిక 2008లో అచ్చయింది. అక్కడ అయిదు ప్రశ్నావళులను పక్కపక్కన పెట్టారు. పైన చెప్పిన మూడింటికి తోడు మరి రెండు. ఒకటి, కుంగుబాటు జబ్బు లక్షణాలను రెండు వారాల లెక్కన అడిగే తొమ్మిది ప్రశ్నలది, పి.హెచ్.క్యూ. అంటారు. రెండోది, ప్రపంచ ఆరోగ్య సంస్థ పూనికతో భారత్, కొలంబియా, ఫిలిప్పీన్స్, సూడాన్ దేశాల్లోని ఆస్పత్రుల్లో పరీక్షించి 1980లో ఫలితాలు ప్రకటించిన ప్రశ్నావళికి చెందిన ఎస్.ఆర్.క్యూ.-20. దీంట్లో ఇరవై ప్రశ్నలు, జవాబు అవును, కాదు, అంతే. గోవాలో అయిదూ పనికొచ్చేవేనని తేలింది గాని, ముందు నిలిచినవి ఆస్ట్రేలియాలో వెనకబడిన సామాన్య ఆరోగ్య ప్రశ్నావళి, ఈ ఇరవై ప్రశ్నలదీను.

ఒక చోట జనాభా మొత్తాన్ని తూచారు, మరో చోట ఆస్పత్రికి వచ్చినవాళ్ళను. కాబట్టి రెండింటినీ నేరుగా పోల్చకూడదు. అయినా ఒక మాట అనుకోవచ్చు. ఒక దేశంలో మేలిమి అయిన తక్కెడ ఇంకో దేశంలోనూ మేలిమి అవుతుందన్న హామీ ఏమీ లేదు. ఇరవై ప్రశ్నలదాన్ని చూడండి. అది తలనొప్పి, అరుగుదల, చేతుల వణుకు, కడుపులో బాధ కూడా అడుగుతుంది. మన ఊళ్ళలో మనసు బాగాలేదని డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళెందరు? తల దిమ్ముగా ఉందనీ, గుండె దడ అనీ, ఒళ్ళు మంటలనీ, తిన్నది ఒంటబట్టడం లేదనీ వెళ్తారు. మనసు చెప్పుకోలేనిది ఒళ్ళు చెబుతుంది. ఆ మాట వినే చెవి ఆ ఇరవై ప్రశ్నలకు కొంత ఉంది.

ఇప్పుడు గీత సంగతి. ఒక ఊహా లెక్క చేద్దాం. వెయ్యి మంది ఉన్న పల్లెలో నిజంగా సాయం అవసరమైనవాళ్ళు వందమంది అనుకుందాం. మన ప్రశ్నావళి మంచిదే. ఆ వందలో ఎనభైమందిని పట్టుకుంటుంది. బాగున్న తొమ్మిది వందల్లో నూటికి ఎనభై అయిదుగురిని సరిగ్గానే వదిలేస్తుంది. అంటే మిగిలిన 135 మందిని అనవసరంగా పట్టుకుంటుంది. మొత్తం గీత దాటినవాళ్ళు 215 మంది. వాళ్ళలో నిజంగా బాధితులు 80, అంటే నూటికి ముప్పై ఏడు. మరో ఇరవైమంది బాధితులు గీతకు ఇవతలే ఉండిపోయారు.

గీత కిందికి దించితే ఆ ఇరవైమందిలో కొందరు దొరుకుతారు గాని అనవసరంగా పట్టుబడేవాళ్ళు పెరుగుతారు. పైకి జరిపితే అటు తగ్గి ఇటు పెరుగుతుంది. అప్పు ఇచ్చేటప్పుడు మేమూ ఇలాంటి గీతలు గీస్తాం. ఎగ్గొట్టేవాడికి ఇవ్వడం ఒక తప్పు, కట్టేవాడికి ఇవ్వకపోవడం ఇంకో తప్పు. మొదటి తప్పు ఆడిట్‌లో కనిపిస్తుంది. రెండోది ఎక్కడా కనిపించదు. కాబట్టి ఏ అధికారి అయినా సహజంగా రెండో తప్పువైపే ఒరుగుతాడు. మనసు లెక్కలోనూ అంతే. ఏ తప్పును మనం భరించగలం అన్నది గణితం తేల్చదు. వైద్యులు తక్కువగా ఉన్నచోట గీత పైన పెట్టాలని అనిపిస్తుంది. అప్పుడు మనకు అందేది ప్రజల బాధ కొలత కాదు, మన ఆస్పత్రుల కొలత.

అడిగేది ఎవరన్నది కూడా తక్కెడలో భాగమే. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేస్తున్న ఒకచోట సిబ్బంది ఆరోగ్య శిబిరంలో ఇలాంటి కాగితమే పంచారు. పైన పేరు రాయనవసరం లేదన్నారు. కాని స్టాఫ్ నంబరుకు గడి ఉంది! మా అటెండరు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, 'సార్, ఇందులో ఏది రాస్తే ట్రాన్స్‌ఫర్ రాదు?' అని మెల్లిగా అడిగాడు. ఆ రోజు మా శాఖలో అందరి మనసూ అద్భుతంగా ఉంది. ఆ అటెండరు ప్రశ్నలో తెలివితక్కువతనం ఏమీ లేదు. అధికారం ఉన్నవాడు అడిగితే సామాన్యుడు ముందు ప్రశ్నను చూడడు, అడిగినవాడి చేతిని చూస్తాడు.

ఇక మనవంటివాళ్ళకు, అంటే రాష్ట్రం ఒకటి, ఇంటి భాష ఒకటి అయినవాళ్ళకు, ఇంకో చిక్కు ఉంది. బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. అది ఈ చిన్న ప్రశ్నావళులతో కాక, వ్యాధి నిర్ణయానికి పనికొచ్చే ముఖాముఖితో చేసినది. పెద్దవాళ్ళలో నూటికి 10.6 మందికి అప్పటికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. ఆ 12లో తమిళనాడు ఉంది. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర లేవు. కాని అసలు సర్వేకు ముందు పద్ధతిని పరీక్షించి చూసుకున్నది కోలారు జిల్లాలోనే. కోలారు అంటే ఎంతమంది ఇళ్ళలో తెలుగు వినిపిస్తుందో మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఇలాంటి సర్వేలు రాష్ట్ర భాషలో జరగడం సహజం. హోసూరు ఆడపడుచు తమిళంలో, కోలారు రైతు కన్నడంలో, బరంపురం దుకాణదారు ఒడియాలో ధారాళంగా మాట్లాడగలరు. బజారు పని, బ్యాంకు పని, కోర్టు పని ఆ భాషలోనే చక్కబెట్టుకుంటారు. కాని కన్నతల్లి పోయినప్పుడు ఏడ్చేది ఇంటి భాషలో. బజారు భాషలో అడిగితే బజారు జవాబు వస్తుంది, 'బాగున్నాం' అని.

పోనీ తెలుగులోనే అడిగారనుకుందాం. ఏ తెలుగులో? దిగులు, బెంగ, గుబులు, మనేద అన్నీ ఒకటేనా? బెంగకు సాధారణంగా ఎవరో ఒకరు కారణంగా ఉంటారు. పిల్లవాడు అమ్మమ్మ మీద బెంగ పెట్టుకుంటాడు. దిగులుకు కారణం లేకపోయినా ఉండవచ్చు. మనేద లోపల్లోపల తినేది. అనువాదం చేసేవాడు 'దిగులుగా ఉందా' అని రాస్తే ఒక అంకె, 'బెంగగా ఉందా' అని రాస్తే ఇంకో అంకె. మా సరిహద్దు పల్లెల్లో కన్నడ, తమిళాల సావాసంతో 'యోచన' అన్న మాట చింత అనే అర్థంలో వాడతారు. 'ఆయమ్మకు యోచన ఎక్కువైంది' అంటే ఆమె మేధావి అయిందని కాదు, కుమిలిపోతోందని.

ఈ మాట గురించి ఆలోచిస్తుంటే నాకు జింబాబ్వే సంగతి ఆశ్చర్యం కలిగించింది. అక్కడి షోనా భాషలో 'కుఫుంగిసిసా' అన్న మాట ఉంది. అతిగా ఆలోచించడం అని అర్థం. మనసు బాగాలేనివాళ్ళు తమ బాధను ఆ పేరుతోనే చెప్పుకుంటారు. అక్కడి పరిశోధకులు ఇంగ్లీషు ప్రశ్నలను అనువదించి ఊరుకోలేదు. రోగులు తమ నోట చెప్పే మాటలనే ఏరి, పద్నాలుగు ప్రశ్నల షోనా ప్రశ్నావళిని కూర్చి 1997లో ప్రకటించారు. మన పల్లెలో 'యోచన' అన్న ముసలమ్మా, హరారేలో 'కుఫుంగిసిసా' అన్న ముసలమ్మా ఎదురుపడితే ఒకరి బాధ ఒకరికి తెలిసేదేమో.

మరి ఇన్ని లోపాలుంటే ఈ లెక్కలు మానేద్దామా? మనసు అంకెకు అందదు, అందుకని కొలవకూడదు అనేవాళ్ళు ఉన్నారు. ఆ మాట వినడానికి ఉదాత్తంగా ఉంటుంది గాని నేను ఒప్పుకోలేను. బడ్జెట్లు వేసేవాళ్ళ మధ్య బతికినవాణ్ణి. లెక్కలోకి రానిదానికి పైసా కేటాయించరు. సింగూరు వితంతువుల సంగతి మనకు తెలిసిందే అంకెల వల్ల. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే కదా మౌనం కూడా కనిపించింది. కాబట్టి కొలవాలి. ఒకటి కంటే ఎక్కువ తక్కెడలతో కొలవాలి. రెండు తక్కెడలు రెండు రకాలుగా చెబితే, తేడా వచ్చినచోట ఆగి చూడాలి. రాయకుండా వదిలేసిన పద్దు తరచుగా అక్కడే ఉంటుంది.

దుఃఖాన్ని కొలిస్తే చాలదని, ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరున 1998లో వచ్చిన అయిదు ప్రశ్నలది ఒకటి ఉంది. అది బాధ ఊసే ఎత్తదు. ఉల్లాసంగా ఉన్నారా, నిద్ర లేచేసరికి అలసట తీరిందా, రోజులో ఆసక్తి కలిగించేవి ఉన్నాయా అన్న ధోరణిలో సాగుతుంది. పైన చెప్పిన ఇల్లాలిని ఈ ప్రశ్నలు అడగాలని నాకు అనిపిస్తుంది. దిగులు లేదు అని అలవాటుగా చెప్పగలదు. సంతోషం ఉంది అని చెప్పడానికి మాత్రం కాసేపు ఆలోచించవలసివస్తుంది.

అయితే అడిగేవాడి మీద ఒక బాధ్యత ఉంది. తొమ్మిది ప్రశ్నలదాంట్లో చివరి ప్రశ్న, ఇరవై ప్రశ్నలదాంట్లో ఒక ప్రశ్న, చావు గురించిన ఆలోచనలు వస్తున్నాయా అని అడుగుతాయి. ఒక మనిషి ఆ ప్రశ్నకు 'అవును' అని చెప్పాక, గడిలో టిక్కు పెట్టుకుని పక్కింటికి వెళ్ళిపోవడం ఏ ధర్మం? అడగడమంటే అప్పు తీసుకోవడం వంటిది. అవతలివాడు నమ్మి తన దగ్గరున్నది ఇచ్చాడు. మనం తిరిగి ఏమిస్తున్నాం? కనీసం ఎక్కడికి వెళ్ళాలో, ఎవరితో మాట్లాడాలో చెప్పాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి-మానస్ సేవ 14416 నంబరు మీద తెలుగుతో సహా అనేక భాషల్లో అందుతోంది. ఆ అయిదంకెలు ప్రతి ప్రశ్నావళి కింద అచ్చువేసి ఉండాలని నా అభిప్రాయం.

మనం చేయగలిగింది కూడా ఒకటి ఉంది. దానికి డాక్టర్లూ అక్కరలేదు, నిధులూ అక్కరలేదు. షోలాపూరు నేత కార్మికుల ఇళ్ళలో, యానాం వీధుల్లో, బళ్ళారి పల్లెల్లో, హోసూరు తోటల్లో మనసు బాగాలేకపోతే ఆడవాళ్ళు ఏ మాట అంటారు? మగవాళ్ళు ఏ మాట చాటున దాక్కుంటారు? ముసలివాళ్ళు ఒంట్లో ఎక్కడ నొప్పి అంటారు? ఈ మాటలు ఆంధ్రదేశపు నిఘంటువుల్లో అన్నీ దొరకవు. రేపు మన ఊరికి ఎవరైనా ప్రశ్నల కాగితం పట్టుకుని వస్తే, మీ మాట ఇది, మా మాట ఇది, మా అమ్మను ఇలా అడగండి అని చెప్పడానికి మన దగ్గర ఒక జాబితా ఉండాలి. వాటిని ఎరిగినవాళ్ళు వయసు మళ్ళినవాళ్ళు. రాసిపెట్టుకోవలసింది ఇప్పుడే.